కసువు పీకిన చోట

శింగనమల
ఆగస్టు 12

అన్నకు,

నువ్వు ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి మాట్లాడతావు. నేను ఇక్కడ అరిస్తే మీ అరుగు మీద కూర్చున్న వాళ్ళంతా వింటారు. తర్వాత వదిన ఫోన్ చేసి, ఎవరు ఏమన్నారో నాకే చెబుతుంది. అందుకే ఇకమీదట నీతో చెప్పాల్సింది కాగితం మీదే రాస్తాను. నువ్వూ రాయి. పదో తరగతి చదివినవాడివి, చెయ్యి పడిపోలేదు కదా.

ఇంటి ముందర గడ్డి పీకేశాను. నిన్న ఆదివారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదే పని. మీ బావ రెండు రోజులుగా నాతో మాట్లాడడం లేదు. మాట్లాడకపోతే ఇల్లు ప్రశాంతంగా ఉంది.

ఆ గడ్డి నాలుగు మంచాలు వేస్తే నిండిపోయేంత చోటు. అంతే. తాడిపత్రిలో ఈయన పనిచేసే బండల ఫ్యాక్టరీలో యజమాని ఆఫీసు ముందర అట్లాంటిది ఉందని, మన ఇంటి ముందరా ఉండాలన్నాడు. ఇల్లు కట్టిన ఏడాది అనంతపురం నర్సరీ నుంచి చాపలు చుట్టినట్టు చుట్టి ఆటోలో తెచ్చి పరిచాడు. ఆరేళ్ళుగా దానికి నీళ్ళు పోశాం. మాకు కొళాయి మూడు రోజులకు ఒకసారి వస్తుంది. నేను డ్రమ్ములు నింపుతుంటే ఈయన పైపు పట్టుకొని గడ్డి తడిపేవాడు.

పోయిన మే నెలలో ఎదురింటి ఎస్తేరక్క రెండు బిందెలు పట్టుకొని వచ్చింది. వాళ్ళ కొళాయికి నీళ్ళు ఎక్కలేదట. ఈయన పైపు చేతిలోనే ఉంది. "ఈ పొద్దు నీళ్ళు సన్నగా వస్తాండాయి, రేపు రాక్కా" అన్నాడు. ఆమె పైపు వైపు చూసింది, గడ్డి వైపు చూసింది, వెళ్ళిపోయింది. లోపలికి వచ్చాక అడిగాను. "కసువు ఒకసారి ఎండిపోతే మళ్ళా రాదే" అన్నాడు.

"మరి ఎస్తేరక్క ఎండిపోతే?"

"నీకు అందం తెలీదు" అన్నాడు.

ఆ మాట నాకు మూడు నెలలు అరగలేదు. అందం కావాలి కదా, చూపిస్తాను అనుకున్నాను. వెనక పడేసి ఉన్న తాడిపత్రి బండ ముక్కలు తెచ్చి గోడ వెంబడి వరసగా పాతాను. ఆ వరసకూ గోడకూ మధ్య ఎర్రమట్టి, పేడ ఎరువు పోసి మొక్కలు పెట్టాను. ముందర ముద్దబంతి, దాని వెనక కనకాంబరం, సీతమ్మజడ, చంద్రకాంత. గోడకు ఆనుకొని ఎనిమిది గన్నేరు మొక్కలు, ఎరుపు, తెలుపు, గులాబీ. గన్నేరుకు నీళ్ళ బాధ లేదు. ఆకు చేదు, ఏ జీవమూ నోరు పెట్టదని నాయన చెప్పేవాడు. మిగిలిన చోట గులకరాళ్ళు పరిచాను. వారానికి ఆరు బిందెలు చాలు.

నీకు ఎందుకు రాస్తున్నానంటే, ప్రతి ఏడూ వరి కోతలైనాక మంద తోలుకొని ఇటు వస్తావు. మా గేటు తెరిచి ఉంటే నీ గొర్రెలు దూరి ఆ గడ్డి మేసేవి, ఈయన కర్ర తీసుకొని వెంటబడేవాడు. ఈసారి గడ్డి లేదు. నా పూలు తొక్కితే ఆయన కాదు, నేనే కర్ర తీస్తాను. మా సందులోకి మంద తిప్పవద్దు.

సరళ

* * *

కంబదూరు
ఆగస్టు 29

సరళకు,

నీ ఉత్తరం చేరింది. కదిరప్పకు చదివి వినిపించినాను. ఆయప్పకు అక్షరం రాదు, నా గొంతులో వినడమే. పదకొండేళ్ళుగా ఇద్దరి మందా ఒకటిగా తోలుతున్నాం, నీ సంగతులు ఆయప్పకు తెలియనివి లేవు. విని పడీపడీ నవ్వినాడు.

"గొర్రె తినేది పీకేసి, తినలేనిది నాటినాదా మీ సరళ? సదువుకున్నోళ్ళ సేద్యం ఇట్లనే ఉంటాది లేప్పా" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. ఇక్కడ వేరుశనగ వేసి నెల దాటింది. మొలక వచ్చినాక ఒక్క చినుకు పడలేదు. పొద్దున లేచి చేనికి పోయి చూసి, తిట్టి, తిరిగి వస్తున్నాను. ఎవరిని తిడుతున్నానో నాకే తెలియదు. మీరు మొగుడూ పెళ్ళాం గడ్డి మంచిదా పూలు మంచివా అని కొట్లాడుకుంటున్నారు. కొట్లాడుకోండి. కడుపు నిండినవాళ్ళకు అది కూడా ఒక పని.

ఇంకొకటి. సందులోకి మంద తిప్పవద్దని రాసినావు. నేను తిప్పేది ఏముంది? పోయినేడు మేసిన చోటు గొర్రె మరవదు. ముందు నడిచే గొర్రె తిరిగితే వెనక నలభై తిరుగుతాయి. మనుషులకు ఉత్తరం రాసినట్టు వాటికి రాయలేవు. మీ సందులోకి రావద్దంటే గేటు మూసుకో, అంతే.

పూలు పూసినాక వదినకు ఒక మూర పంపు. ఆమె అడగమంది, నేను కాదు.

ఓబిలేష్

* * *

కంబదూరు
ఫిబ్రవరి 17

సరళకు,

నీకు ముక్క ముక్కగా వదిన చెప్పే ఉంటుంది. నేను మొదటి నుంచి రాస్తాను.

ఐదో తేదీ మధ్యాహ్నం మీ ఊరికి వచ్చినాం. కదిరప్ప తన గొర్రెలను ముందు పట్టుకొని నేరుగా చెరువు కింది మడులకు పోయినాడు. నావి వెనక. అనుకున్నట్టే నావి మీ సందులోకి తిరిగినాయి. నువ్వు మజ్జిగ ఇచ్చినావు, గేటు తెరవలేదని నేను ఒక మాట అన్నాను, నువ్వు రెండు అన్నావు. గొర్రెలు కాసేపు మీ గోడ పక్కన నిలబడినాయి. తోలుకొని పోయినాను.

చెరువు కింద కదిరప్ప నన్ను అడగకుండా ఒక రైతుకు మాట ఇచ్చి ఉన్నాడు, ఆయన మడిలోనే మంద ఆపుతామని. మంద ఆపితే మడికి ఎరువు పడుతుంది, ఎవరి మడిలో ఆపేదీ ఇద్దరమూ కలిసి చెప్పాలి. పదకొండేళ్ళ నుంచి అదే పద్ధతి. నాకు మండింది. నేను అన్నాను, వాడు అన్నాడు. చివరికి నలుగురి ముందర, "నీ గొర్లు సస్తేగానీ నీ నోరు పడదురా ఓబిలేషా" అన్నాడు.

తెల్లవారి చూస్తే తొమ్మిది గొర్రెలు పడి ఉన్నాయి. నోట్లో నురుగు, కాళ్ళు చల్లగా, పళ్ళు కొరుకుతున్నాయి. రెండు లేచి నాలుగు అడుగులు తూలి మళ్ళీ పడినాయి. పశువుల డాక్టరుకు కబురు పెట్టేలోపే తొమ్మిదీ పోయినాయి. అందులో ఆరు చూలువి.

తొమ్మిదీ నావే. కదిరప్ప గొర్రె ఒక్కటి దగ్గినది కూడా లేదు. ఒకే మడి, ఒకే నీళ్ళు, ఒకే మంద. చావు వచ్చి ఎవరివో గుర్తుకు మేం వేసుకున్న చెవి గాటు చూసుకొని, నా గాటు ఉన్నవాటినే ఎంచుకుంటుందా? నోటితో అన్నాడు, చేతితో చేసినాడు. పైరుకు కొట్టే మందు ఆ మడుల దగ్గర ఎవరి గుడిసెలోనైనా దొరుకుతుంది.

ఊరికి వచ్చి పెద్దమనిషి తిప్పయ్యకు చెప్పినాను. కదిరప్పను పిలిచి అడిగితే, "కోపంలో అంటి. అంటే సేసినట్టేనా? నీకు తలకాయ ఉండాదా?" అని నా మీదికే వచ్చినాడు. చౌడమ్మ గుడి ముందర ప్రమాణం అని తీర్పు చెప్పినారు. మార్చి నాలుగు, మంగళవారం. తడిగుడ్డలతో నిలబడి, చేతిలో కర్పూరం వెలిగించి ఆర్పి, చేయలేదని చెప్పాలి. ఆ తర్వాత మూడు మంగళవారాల లోపల వాని ఇంట్లో కీడు జరిగితే చేసినవాడు వాడే. మంద ఊరి బీడులో మేయకూడదు, వానితో ఎవరూ ఇచ్చిపుచ్చుకోకూడదు. ఏమీ జరగకపోతే, నిందవేసినందుకు నేను అదే గుడి ముందర తప్పు ఒప్పుకోవాలి.

ఊరిలో సగం మంది ఇప్పుడే వాళ్ళ ఇంటి ముందర నడవడం మానేసినారు. నేను మానేసి పది రోజులైంది.

ఓబిలేష్

* * *

శింగనమల
ఫిబ్రవరి 25

అన్నా,

నీ ఉత్తరం వచ్చి ఐదు రోజులైంది. ఐదు రోజులు దాన్ని స్కూలు సంచిలో పెట్టుకొని తిరిగాను. ఇది రిజిస్టర్ పోస్టులో పంపుతున్నాను. ఎంత ఆలస్యమైనా శనివారానికి నీకు చేరుతుంది, ప్రమాణానికి మూడు రోజుల ముందు.

కదిరప్ప ఏమీ చేయలేదు. నీ గొర్రెలు చచ్చింది మా గోడ దగ్గర తిన్న గన్నేరు ఆకు వల్ల.

గన్నేరు మొక్కలు నా భుజం దాకా పెరిగి కనకాంబరానికి ఎండ తగలనీయడం లేదు. నువ్వు రావడానికి నాలుగు రోజుల ముందు కొమ్మలు కత్తిరించాను. కాల్చమని ఈయనకు చెప్పాను. ఈయన గోడ అవతల సందులో పడేశాడు. నాలుగు రోజుల ఎండకు అవి వాడి, ఎండి కసువులా అయిపోయాయి.

ఇప్పుడు అసలు మాట. నువ్వు మజ్జిగ తాగుతూ నన్ను తిడుతున్నావు చూడు, అప్పుడు నేను గోడ మీది నుంచి చూశాను. ముందు గొర్రెలు కొన్ని ఆ కుప్పలో మూతి పెట్టి లాగుతున్నాయి. చూశాను. "అన్నా, అటు చూడు" అని నోటి దాకా వచ్చింది. నువ్వు అప్పుడే "నీ మొగుడు గేటు మూయిస్తే మూసినావు, పుట్టింటి గొర్రెకు పిడికెడు కసువు లేకుండా చేసినావు" అన్నావు. నాకు ఒళ్ళు మండి మాట మింగేశాను. ఆకు చేదు, ఎట్లాగూ తినవులే అనుకున్నాను. పచ్చి ఆకే చేదు. ఎండితే చేదు పోతుంది, విషం పోదు. నేను పనిచేసే స్కూలు ఎదురుగా ఉన్న పశువుల ఆసుపత్రిలో మొన్న అడిగి తెలుసుకున్నాను. నురుగు, చల్లటి కాళ్ళు, పళ్ళు కొరకడం, నువ్వు రాసినవన్నీ చెప్పాను. "గన్నేరేమ్మా, అనుమానం లేదు" అన్నాడు డాక్టరు.

కదిరప్ప గొర్రెలు మా సందులోకి రాలేదు. అందుకే ఒక్కటీ చావలేదు. చెవి గాటును చావు ఎంచుకోలేదు, మా సందు ఎంచుకుంది.

నేను ఉత్తరం రాస్తానంటే ఈయన అడ్డం పడ్డాడు.

"నిన్ను ఎవురన్నా అడిగినారా? ప్రమాణం సేస్తాడు, ఏమీ కాదు, అదే సల్లారిపోతాది. నువ్వెందుకు నెత్తిన ఎత్తుకుంటావు?"

"ఆ మనిషిని ఊరంతా ముట్టుకోవడం లేదంట."

"కసువు ఉన్నింటే ఇదంతా జరిగేదా? సెప్పు. పూలు పూలు అని ఎగిరితివి కదా."

గడ్డి ఉంటే ఆ గొర్రెలు గడ్డి మేసి పోయేవి. అది నిజం కాబట్టే ఆయన మీద ఇంకా కోపం వచ్చింది. కొమ్మలు గోడ అవతల వేసిన చెయ్యి ఎవరిదని అడిగాను. లేచి బయటికి పోయాడు.

తప్పు నాది, ఈయనది. కదిరప్పది కాదు. నీ తిట్లు ఎన్ని ఉన్నాయో అన్నీ నాకు రాయి. ముందు ప్రమాణం ఆపు. తిప్పయ్య మామకు ఈ కాగితం చదివి వినిపించు. నా పేరు దాచవద్దు.

సరళ

* * *

కంబదూరు
మార్చి 15

సరళకు,

నీ ఉత్తరం అందింది.

నా తొమ్మిది గొర్రెలను చంపింది నువ్వు. చూస్తూ చంపినావు. గొర్రెల ఇంట్లో పుట్టి, గొర్రె పాలు తాగి పెరిగినదానివి, నామీది కోపానికి నోరు మూసుకున్నావు. ఆ తొమ్మిదీ ఏం పాపం చేసినాయి? నిన్ను తిట్టినాయా? కాగితం మీద రాసి ముద్ర వేయించి పంపితే చేసింది పోతుందనుకున్నావా? వదినకు పూలు పంపమంటే ఇది పంపినావు.

ప్రమాణం జరిగింది. ఊరంతా ఒప్పుకున్నది, దేవరకు చెప్పుకున్నది, ఒక కాగితం ముక్కకు ఆగదు. కదిరప్ప బావి దగ్గర మునిగి తడిగుడ్డలతో వచ్చినాడు. కర్పూరం అరచేతిలో కాలుతుంటే, "ఓబిలేషు గొర్లకు నేను ఏ కీడూ సెయ్యలేదు. సేసింటే నా ఇల్లు నాశనం కానీ" అన్నాడు. కర్పూరం ఆర్పి, ఎవరి వైపూ చూడకుండా ఇంటికి పోయినాడు.

తర్వాత ఎనిమిదో రోజు, బుధవారం, కదిరప్ప పెళ్ళాం లక్ష్మక్క పిడకలు తీస్తుంటే తేలు కుట్టింది. మామూలు తేలు కాదు, ఎర్రతేలు. చెమట పట్టి, వాంతులై, మనిషి చల్లబడిపోయింది. ఆటో వీరేష్‌ను పిలిస్తే, "సౌడమ్మ పట్టినోళ్ళను నా బండిలో ఎక్కించుకోనప్పా" అన్నాడు. కదిరప్ప ఆమెను భుజాన వేసుకొని రోడ్డు దాకా నడిచి బస్సు ఆపినాడు. కళ్యాణదుర్గం ఆసుపత్రిలో రెండు రోజులు ఉంచినారు. బతికింది. కుడి చెయ్యి ఇంకా సరిగా లేవడం లేదట.

ఊరు ఇప్పుడు ఒకటే మాట. దేవత చూపించిందని. నిజం చెబుతాను, తేలు కుట్టిందని విన్నప్పుడు ఒక్క నిమిషం నాకూ అట్లాగే అనిపించింది. అదే నిజమైతే బాగుండు అనిపించింది.

ఇప్పుడు చెప్పి లాభం లేదు. నీ పేరు బయటికి రాకూడదనే నేను నోరు మూసుకున్నాను. రేపు నువ్వు ఈ ఊరికి రావాలి, పోవాలి. ఆడపడుచు మందను చంపిందని నలుగురూ అంటే నువ్వు తల ఎత్తుకొని నడవగలవా? నీకోసమే ఇదంతా. అర్థం చేసుకో. ఆ ఉత్తరం సంగతి ఇక ఎత్తవద్దు.

ఓబిలేష్

* * *

శింగనమల
మార్చి 18

ఓబిలేషన్నకు,

రిజిస్టర్ పోస్టు అందుకున్నట్టు నువ్వు సంతకం పెట్టిన కార్డు నాకు తిరిగి వచ్చింది. అది ఇప్పుడు నా ముందర ఉంది. "ఓబిలేష్" అని నీ సంతకం, పక్కన నీ చేతితోనే వేసిన తేదీ. మార్చి 1.

శనివారం నీకు ఉత్తరం చేరింది. మంగళవారం కదిరప్ప ప్రమాణం చేశాడు. "ఉత్తరం అందింది" అని రాశావు కానీ, ఏ రోజు అందిందో రాయలేదు. ఆదివారం, సోమవారం ఏం చేశావు? సంగటి తిన్నావా? నిద్ర పట్టిందా?

నేను గోడ మీది నుంచి గొర్రెలను చూసి ఒక్క మాట మింగాను. తొమ్మిది గొర్రెలు పోయాయి. ఆ పాపం నాదే, ఎక్కడికీ పోదు. ఉత్తరం రాయకుండా ఐదు రోజులు గడిపాను, అదీ నాదే. కానీ నువ్వు ఒక మనిషిని చూసి మింగావు. ఆ మనిషి నీతో పదకొండేళ్ళు ఒక మందలో నడిచాడు. నీ కాలు విరిగిన ఏడు నీ గొర్రెలనూ తన గొర్రెలనూ ఒక్కడే మూడు నెలలు కాశాడు, ఆ సంగతి నువ్వే నాకు చెప్పావు. లక్ష్మక్క చచ్చిపోయి ఉంటే ఏం రాసేవాడివి? దేవత చూపించిందనా?

నాకోసం అని రాశావు. ఆ మాట చదివి చేతిలో ఉన్న చెంబు గోడకు కొట్టాను. నా పేరు దాచవద్దని అడిగాను కదా. నేను తల ఎత్తుకొని నడుస్తానో దించుకొని నడుస్తానో నా తలకాయ చూసుకుంటుంది. నువ్వు కాపాడుకున్నది నన్ను కాదు. ఊరి ముందర నిందవేసి, తప్పని ఒప్పుకోలేక నీ మీసం కాపాడుకున్నావు.

ఈయన మళ్ళీ గడ్డి పరుద్దాం అంటున్నాడు. వద్దన్నాను. గన్నేరు ఎనిమిదీ వేళ్ళతో సహా తవ్వి, గుంతలో వేసి పూడ్చాను. ఎస్తేరక్క వచ్చి పలుగు పట్టింది. బంతి, కనకాంబరం అట్లాగే ఉన్నాయి. ఉంటాయి. పీకితే నేను చేసింది చెరిగిపోదు.

మూడో మంగళవారం వారం రోజుల్లో ఉంది, 25వ తేదీ. ఆ రోజు తిప్పయ్య మామ తీర్పు చెబుతాడు కదా. ఆ రోజు గుడి ముందర నువ్వు చెప్పు. నువ్వు చెప్పకపోతే బుధవారం పొద్దున నేను ఈ కార్డు, నీ రెండు ఉత్తరాలు తీసుకొని బస్సు ఎక్కుతాను. నా అన్న అని చూడను.

సరళ

* * *

కంబదూరు
మార్చి 28

సరళకు,

నువ్వు రావద్దు, వదిన మంగళవారమే ఫోన్‌లో చెప్పి ఉంటుంది. చెప్పినాను.

నీ బెదిరింపుకు చెప్పినాననుకోవద్దు. అది కూడా ఉంది, కాదనను. నీ ఉత్తరం వదిన చదివింది. నేను చదవనివ్వలేదు, తనే తీసి చదివింది. చదివి నా ముందర పెట్టి, "ఈ మాట నువ్వు సెప్తావా, నేను సెప్పల్లా?" అని, మారు మాట లేకుండా వంటింట్లోకి పోయింది. మూడు రోజులు సంగటి ముద్ద ముందర పెట్టి పోయేది, పలకరించలేదు.

మంగళవారం గుడి ముందర అందరూ ఉన్నారు. లక్ష్మక్కను కూడా తెచ్చినారు, చెయ్యి గుడ్డలో కట్టి మెడకు వేలాడదీసినారు. తిప్పయ్య నోరు తెరిచేలోపు నేను లేచినాను. గొర్రెలు గన్నేరు ఆకు తిని చచ్చినాయి, మా సరళ ఉత్తరం రాసింది అని చొక్కా జేబులో నుంచి తీసి చూపించి, కదిరప్ప తప్పు లేదు అన్నాను. కొద్దిసేపు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత తిప్పయ్య అడిగినాడు.

"ఆ కాగితం ఏ దినం వచ్చె నీకు?"

అక్కడ నేను అబద్ధం చెప్పగలిగి ఉంటే చెప్పేవాణ్ణి. నిన్న వచ్చిందని నోటి దాకా వచ్చింది. నీ దగ్గర కార్డు ఉందని గుర్తొచ్చింది. వదిన గుంపులో నిలబడి నన్నే చూస్తున్నది.

"ప్రమాణానికి ముందర శనివారం" అన్నాను.

ఆటో వీరేష్ పక్కకు తిరిగి ఉమ్మినాడు. వాడు ఎక్కించుకోకుండా పోయినవాడు, ఇప్పుడు నా వైపు ఉమ్ముతున్నాడు. నాకు వాణ్ణి కొట్టాలనిపించింది. ఏ మొహంతో కొట్టేది?

అప్పుడు లక్ష్మక్క అన్నది. నీకు రాయని సంగతి ఇది, ఇప్పుడు రాస్తున్నాను. తేలు కుట్టిన రోజు వీరేష్ కాదన్నాక, కదిరప్ప మొదట వచ్చింది మా ఇంటికే. నా మోటార్ సైకిల్ అడగడానికి. బండి వాకిట్లోనే ఉంది. నేను లోపల ఉన్నాను. పిలిచినాడు, పలకలేదు. వదిన చేనికి పోయి ఉన్నది.

"మా ఆయన నీ గడప ముందర నిలబడి మూడు సార్లు పిల్సినాడంట. నువ్వు తలుపు సాటున ఉంటివి. నీ కాళ్ళు కనపడినాయంట కింద" అన్నది లక్ష్మక్క. గట్టిగా కూడా అనలేదు.

తిప్పయ్య తీర్పు చెప్పినాడు. కదిరప్ప ఇంటి మీద నింద లేదు. నేను బావిలో మునిగి, తడిగుడ్డలతో గుడి చుట్టూ తిరిగి, కదిరప్ప ముందర తప్పు ఒప్పుకోవాలి. చేసినాను. పిల్లలు కూడా చూసినారు. కదిరప్ప ఒప్పుకున్నాననీ అనలేదు, లేదనీ అనలేదు. తిప్పయ్య వైపు తిరిగి, "అన్నా, రేపు మంద ఏరుకుంటానని ఆయప్పకు సెప్పు" అన్నాడు. నేను ఇద్దరు మనుషుల దూరంలో ఉన్నాను.

మొన్న పొద్దున మందలు వేరు చేసినాం. కంచెకు ఒక మనిషి పట్టేంత సందు వదిలి, ఒకవైపు నేను, ఒకవైపు కదిరప్ప కూర్చున్నాం. గొర్రె వస్తే చెవి చూడాలి, నా గాటు అయితే ఇటు, ఆయన గాటు అయితే అటు. పదకొండేళ్ళు కలిసి మేసిన గొర్రెలు. ఇటు తోస్తే అరుచుకుంటూ అటు పోతాయి. ఒక గంట పని మధ్యాహ్నం దాటింది. తప్పు ఒప్పుకున్నాను కదా, ఇంకేం కావాలి అని లోపల ఒకటే మంట. నీ మీద మంట, ఆ పూల మీద మంట, కొమ్మలు గోడ అవతల వేసిన మీ ఆయన మీద మంట. నువ్వు ఐదు రోజులు ముందు రాసి ఉంటే అని ఒకటి. నీ మీది కోపం నేను వదల్లేదు, వదులుతానని కూడా చెప్పను.

చివరి గొర్రె దాటినాక కదిరప్ప లేచి పంచె దులుపుకున్నాడు. పోయేవాడు ఆగినాడు. గుడి నాటి నుంచి నాతో మాట్లాడింది అదే.

"నేను కర్పూరం పట్టుకోని నిలబడినప్పుడు నువ్వు నా ఎదురుగానే ఉంటివి. సొక్కా జేబు మీద సెయ్యి పెట్టుకోని. నేను ఏమనుకుంటినో తెలుసునా? గొర్లు పోయినాయని గుండె నొస్తాందేమో పాపం అనుకుంటి. ఆ సేతి కింద ఆ కాగితం ఉండాదని నాకేం తెలుసు?"

తన గొర్రెలను తోలుకొని పోయినాడు.

ఓబిలేష్